ఇరుగు పొరుగు

మానవుడు సంఘజీవి అన్న వాక్యాన్ని చిన్ననాటి నుంచి వినని విద్యార్థి ఉండడు. ఎన్నో వ్యాసాలు ఈ వాక్యంతోనే మొదలవుతాయి. కాని ‘సంఘం’ అంటే ఎవరు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఒక ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే పెరిగి, అక్కడే కాలం చేసిన మనిషికి ఆ ప్రశ్న అవసరం కాలేదు. చుట్టూ ఉన్నవారే అతని సంఘం. పుట్టిన ఊరు ఒకటి, చదివిన ఊరు మరొకటి, ఉద్యోగం చేసే ఊరు ఇంకొకటి అయిన నేటి మనిషి మాత్రం ఆ ప్రశ్నకు తానే సమాధానం వెతుక్కోవలసి వస్తున్నది.

తెలుగు భాషలో ‘ఏకాంతం’ అనీ, ‘ఒంటరితనం’ అనీ రెండు మాటలున్నాయి. పైకి చూస్తే రెండింటిలోనూ ఉన్నది ఒక్క మనిషే. అయినా తెలుగువాడు ఈ రెండింటినీ ఎన్నడూ కలగాపులగం చేయలేదు. ఏకాంతం మనిషి కోరి తెచ్చుకొనేది. చదువుకోవడానికో, ధ్యానానికో, ఊరికే సముద్రాన్ని చూస్తూ కూర్చోవడానికో దానిని వెతుక్కుంటాడు. ఒంటరితనం కోరకుండా వచ్చిపడేది. ఏకాంతానికి జనం లేని చోటు కావాలి. ఒంటరితనానికి ఆ నియమం లేదు. అది కిక్కిరిసిన బస్సులోనూ ఉంటుంది, వంద ఇళ్ళున్న భవనంలోనూ ఉంటుంది. ఈ భేదాన్ని గుర్తించడానికి విశాఖపట్నం వంటి నగరం మంచి ఉదాహరణ. 1901 జనాభా లెక్కల నాటికి సుమారు నలభై వేల మంది ఉన్న ఆ పట్టణంలో 2011 నాటికి పదిహేడు లక్షలకు పైగా జనం ఉన్నారు. అంటే ఆ నగరంలో ఎక్కువ కుటుంబాలు ఏదో ఒక తరంలో ఎక్కడి నుంచో వచ్చినవే. ఎక్కడి నుంచో వచ్చినవారు ఒకరికొకరు ఎట్లా ఇరుగు పొరుగు అయ్యారు, ఎట్లా కాకుండా పోతున్నారు అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

విశాఖకు మొదట జనాన్ని పెద్ద ఎత్తున రప్పించింది రేవు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున తవ్విన ఆ రేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ ప్రవేశించింది. ఆ ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుంచి ఎందరో కూలికి వచ్చారు. ఓడ మీది సరుకును దించడం, ఎక్కించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కలాసీలు జట్లు జట్లుగా పనిచేశారు. ఒక బస్తాను ఇద్దరు ఎత్తి మూడవవాని వీపు మీద పెట్టాలి. ముందువాడు అడుగు తడబడితే వెనుకవానికి ప్రమాదం. అటువంటి పనిలో ఒకరినొకరు నమ్మడం సుగుణం కాదు, ప్రాణావసరం. పని ఇచ్చిన ఈ నమ్మకం సాయంత్రం ఇంటికీ వెంట వచ్చేది. జ్వరం వచ్చినవానికి జట్టువాడే చేబదులు ఇచ్చేవాడు. ఊరికి డబ్బు పంపవలసి వస్తే, ఊరికి వెళ్ళే జట్టువాని చేతికే ఇచ్చేవారు. ‘చేబదులు’ అన్న మాటలోనే దాని స్వభావం ఉన్నది: కాగితం లేదు, వడ్డీ లేదు, ఒక చేతి నుంచి మరొక చేతికి మారడమే.

1976లో బాహ్య ఓడరేవు ఏర్పడి ఇనుప ఖనిజాన్ని యంత్రాలు ఎక్కించసాగాయి. 2003లో కంటైనర్ టెర్మినల్ పని ప్రారంభించింది. క్రేను నడిపే మనిషి నేలకు ఎంతో ఎత్తున అద్దాల గదిలో ఒక్కడే కూర్చుంటాడు. వీపు మీది బరువు తగ్గినందుకు ఎవరూ విచారించనక్కరలేదు. వీపులు విరిగిన రోజులను తిరిగి రమ్మని కోరేవాడు ఆ బరువు ఎన్నడూ మోసి ఉండడు. అయితే ఆ బరువుతో పాటు జట్టు కూడా పోయిందన్నది మరువరాని సంగతి.

ఈ తీరం నుంచి వెళ్ళినవారి కథ మరొకటి. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలమంది స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారు. గోదావరి ముఖాన ఉన్న కొరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువారిని ‘కొరంగీలు’ అని పిలిచేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు కొందరు కాలినడకన కొండలు దాటి తిరిగి వచ్చారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం ఏర్పడిన తరువాత మరికొన్ని వేల కుటుంబాలు కట్టుబట్టలతో మాతృదేశం చేరాయి. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలసింది. పరాయి దేశంలో తెలుగువారై, సొంత దేశంలో బర్మావారైన ఆ కుటుంబాలు ఒకరికొకరు దగ్గర కాకపోతే బ్రతకడం కష్టమయ్యేది. 2018లో విడుదలై పేరుపొందిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చలనచిత్రంలో నటించినవారిలో ఎక్కువమంది వృత్తి నటులు కారు, ఆ పేటవారే. ఒక పేట తన కథలో తానే నటించగలగడానికి ఆ పేటలో ఒకరినొకరు ఎరిగిన మనుషులు ఉండాలి.

ఇరుగు పొరుగు పోవడం, మళ్ళీ ఏర్పడడం అన్న రెండు సంగతులూ ఒకే చోట కనిపించేది ఉక్కు కర్మాగారం చరిత్రలో. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో రాష్ట్రమంతటా ఉద్యమం చెలరేగింది. ఆ అక్టోబరులో అమృతరావు విశాఖపట్నంలో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రంలో వివిధ చోట్ల మొత్తం 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. ఈ రెండు తేదీల నడుమ ఇరవై ఒక్క సంవత్సరాలున్నాయి. ఉద్యమాన్ని తెలుగు పాఠకుడు ఎరుగును. ఆ ఇరవై ఒక్క సంవత్సరాలలో 64 గ్రామాలు తమ నేలను వదిలిపోవలసి వచ్చిందన్న సంగతిని అంత తరచుగా తలచుకోడు.

భూసేకరణ చట్టం ప్రకారం పొలానికి ధర కడతారు. ఇంటికి ధర కడతారు. నూతికీ, కొబ్బరి చెట్టుకూ, జీడిమామిడి తోటకూ లెక్క ఉన్నది. నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగంలో ప్రాధాన్యం కోసం ‘ఆర్ కార్డు’ అనే పత్రం ఇచ్చారు. అది అందరికీ ఉద్యోగం తెచ్చిపెట్టలేదు; దశాబ్దాల తరువాత కూడా ఆ కార్డు చేతబట్టుకొని అడుగుతున్నవారు ఉన్నారు. కాని కార్డు ఉన్నా, ఉద్యోగం వచ్చినా, ఆ పట్టికలో గడి లేనిది ఒకటుంది. ప్రసవ వేళకు పిలిస్తే వచ్చే పక్కింటి ముసలమ్మకు పరిహారం లేదు. పొలానికి నీరు పెట్టే వంతులో తన వంతును పొరుగువానికి ఇచ్చిన మంచితనానికి పరిహారం లేదు. సాయంత్రం నలుగురు కూర్చొనే రావిచెట్టు నీడకు, అరుగుకు పరిహారం లేదు. చెట్టుకైతే కలప ధర ఉండవచ్చు, నీడకు లేదు.

వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ ప్రాంతాలలో నిర్వాసితుల కాలనీలు వెలిశాయి. వరుసగా గీసిన వీధులు, కొలిచి ఇచ్చిన స్థలాలు. ఒక్కొక్క ఊరు తన ఆకారాన్ని పోగొట్టుకొని ఆ గీతలలో సర్దుకోవలసి వచ్చింది. ఊళ్ళో ఎదురింటివాడు కాలనీలో ఆరు వీధుల అవతలి వాడు కావచ్చు. రైతు అయినవాడు ఒక్కసారిగా కాంట్రాక్టు కూలీ అయినప్పుడు అతని దినచర్య మారుతుంది. దినచర్య మారితే ఎవరిని ఏ వేళ కలుస్తాడన్నదీ మారుతుంది. స్నేహాలు మనసులో ఉంటాయని అంటారు గాని, నిజానికి చాలా స్నేహాలు వేళల్లోనూ దారుల్లోనూ ఉంటాయి.

అదే నేల మీద, ఆ 64 గ్రామాల చోట, ఉక్కునగరం పుట్టింది. అది సెక్టార్లుగా విభజించిన ఉద్యోగుల పట్టణం. తెలుగు జిల్లాలన్నింటి నుంచీ, ఒరిస్సా, బెంగాలు, బీహారు, తమిళనాడు, కేరళ రాష్ట్రాల నుంచీ యువ ఇంజనీర్లూ, కార్మికులూ వచ్చి అక్కడ కాపురాలు పెట్టారు. బంధువులు వందల మైళ్ళ దూరాన ఉన్నారు. కొలిమి ఆరదు గనుక పని మూడు షిఫ్టులలో నడుస్తుంది. భర్త రాత్రి షిఫ్టుకు పోతే పిల్లవానికి జ్వరం వచ్చినప్పుడు తలుపు తట్టవలసింది పక్క క్వార్టరునే. ఆ అవసరం భాషను అడగలేదు, కులాన్ని కూడా వెంటనే అడగలేదు. ఒక ఇంటి పులిహోర గిన్నె పక్కింటికి వెళ్ళి సందేశ్‌తో తిరిగి వచ్చింది. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపరాదన్నది ఏ రాష్ట్రంవారూ ఎవరికీ నేర్పనక్కరలేని మర్యాద. వినాయక చవితి పందిరి, దుర్గాపూజ పందిరి, ఓణం ముగ్గు పక్కపక్కనే వెలిశాయి. కొలిమిలకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నవారు ఆ ఊరిని కేవలం పనిచోటుగా చూడలేదనుకోవడం తప్పు కాదు.

అయితే ఆ ఇరుగు పొరుగుకు ఒక గడువు ఉన్నది. పదవీ విరమణ చేసినవాడు క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్ఫై ఏళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ బ్రతికిన రెండు కుటుంబాలు ఒకటి కూర్మన్నపాలెంలో, ఒకటి మధురవాడలో అపార్టుమెంటు కొనుక్కుంటాయి. పిల్లలు బెంగుళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. షిఫ్టు సైరను వినిపించని ఇంట్లో ఆ మనిషికి మొదటిసారి పొద్దు గడవదు. గ్రామం పోగొట్టుకొన్న నిర్వాసితుడూ, క్వార్టరు వదిలిన ఉద్యోగీ ఒకరినొకరు ఎరగకపోవచ్చు. పోగొట్టుకొన్నది మాత్రం ఒకటే.

నగరంలోని అపార్టుమెంటు జీవనాన్ని తిట్టడం ఈనాడు ఒక అలవాటుగా మారింది. దానిలో కొంత నిజం లేకపోలేదు. వీధి అరుగు పోయి లిఫ్టు వచ్చింది. లిఫ్టులో నలుగురు నిలబడి నాలుగు ఫోన్లలోకి చూస్తారు. పూర్వం వరస కలిపి పిన్ని, బాబాయి, అప్ప, మావ అని పిలిచేవారు. ఇప్పుడు పైఅంతస్తువారందరూ అంకుల్, ఆంటీ, అంతకన్న ఎక్కువగా ఇంటి నంబర్లు. ఆ భవనంలో అందరి పేర్లూ తెలిసినది ఒక్క వాచ్‌మన్ కుటుంబానికే. ఆ కుటుంబం కూడా ఏ శ్రీకాకుళం పల్లెనో వదిలి వచ్చినదే కావడం, మెట్ల కింది చిన్న గదిలో కాపురం ఉండడం గమనించదగ్గ విషయం.

కాని పాత ఊరిలో అంతా వెలుగే అనుకోవడం సత్యదూరం. ఊరి రావిచెట్టు నీడ అందరికీ సమానంగా పడలేదు. నూతి దగ్గర నిలబడి ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని ఎదురుచూడవలసిన మనుషులుండేవారు. భర్త పోయిన స్త్రీ ఏ చీర కట్టిందో, ఎవరితో మాట్లాడిందో ఊరంతా లెక్కపెట్టేది. కులాంతర వివాహం చేసుకున్న జంటకు ఊళ్ళో అద్దె ఇల్లు దొరకదు. ఎవరూ ఎవరినీ ఎరుగని నగరం ఇటువంటివారికి శిక్ష కాలేదు, ఊపిరి అయింది. వ్యక్తిస్వేచ్ఛ ఈ మనుషులకు ఇచ్చింది చిన్నది కాదు. కనుక వెనుకటి కట్టుబాటును వెనుకటి ఆప్యాయతతో కలిపి తిరిగి తెచ్చుకోవడం కుదిరే పని కాదు, కోరదగినదీ కాదు. కట్టుబాటు లేని ఆప్యాయతను ఎట్లా నిలుపుకోవాలన్నదే ఈ తరం ముందున్న కఠినమైన ప్రశ్న.

ఈ ప్రశ్న విశాఖది మాత్రమే కాదు. వ్యక్తిస్వేచ్ఛలో మనకన్న ఎంతో ముందు నడిచిన దేశాలు దీనిని ముందుగా ఎదుర్కొన్నాయి. అమెరికాలో రాబర్ట్ పుట్నం అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు 2000 సంవత్సరంలో ప్రచురించిన గ్రంథంలో ఒక చిన్న వింతను చూపాడు: ఆ దేశంలో బౌలింగ్ ఆడేవారి సంఖ్య పెరిగింది, జట్లు కట్టి ఆడేవారి సంఖ్య పడిపోయింది. ఆట మిగిలింది, జట్టు పోయింది. విశాఖ రేవు కలాసీల కథ గుర్తున్నవారికి ఈ మాట కొత్తగా తోచదు. బ్రిటన్ 2018లో ఒంటరితనం సమస్యను ఒక మంత్రికి అప్పగించింది. ఎవరూ గమనించకుండా ఒంటరిగా మరణించడానికి ‘కొదొకుషి’ అన్న ప్రత్యేక పదమే ఏర్పడిన జపాను 2021లో అదే పని చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానికి సంబంధించిన కారణాల వల్ల ఏటా 8 లక్షల 71 వేల మంది మరణిస్తున్నారని అంచనా. వృద్ధులకే ఈ బాధ అనుకోవడం పొరపాటని కూడా ఆ నివేదిక చెప్పింది. కౌమారంలోనూ, యౌవనంలోనూ ఉన్నవారిలో అది తక్కువేమీ కాదు.

ఇది విశాఖలోని వసతిగృహాల విద్యార్థికి ఎవరూ చెప్పనక్కరలేదు. పదవ తరగతి పూర్తిచేసి పార్వతీపురం నుంచో, పలాస నుంచో, పాడేరు నుంచో వచ్చిన పదహారేళ్ళ పిల్లవాడు ఒక గదిలో మరి కొందరితో కలిసి ఉంటాడు. రోజంతా జనం మధ్యనే ఉంటాడు. కాని పక్క మంచం వాడు పోటీదారుడు. మార్కుల వరుసలో అతని పేరు పైనో కిందో ఉంటుంది గాని పక్కన ఉండదు. వారానికొకసారి ఇంటికి ఫోను చేసినప్పుడు “బాగున్నావా?” అంటే “బాగున్నాను” అంటాడు. ఆ రెండు మాటల నడుమ చెప్పనిది ఎంతో ఉంటుంది. అటువంటివారి కోసమే 2022లో ‘టెలి మానస్’ పేరుతో 14416 అనే ఉచిత ఫోను సేవ దేశమంతటా ప్రారంభమైంది. అది అవసరమైనదే. అయినా ఫోనుకు అవతల ఉన్న తెలియని కంఠం కన్న ముందు, పక్క మంచం మీదివాడు “అన్నం తినలేదేం?” అని అడగగలిగితే ఆ రాత్రి వేరుగా గడుస్తుంది.

అడగడం తెలియక కాదు. అవసరం వస్తే నగరం అడుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. చెట్లు వేళ్ళతో సహా కూలాయి, విద్యుత్ స్తంభాలు విరిగాయి, సెల్‌ఫోన్ టవర్లు మూగబోయాయి. చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు, నీరు లేదు. లిఫ్టులు ఆగిపోవడంతో జనం మెట్లు ఎక్కారు. మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడ్డారు. పైఅంతస్తులోని వృద్ధులకు కుర్రవాళ్ళు నీళ్ళ బిందెలు మోసి ఇచ్చారు. ఒక ఇంట్లో గ్యాసు ఉంటే మరొక ఇంట్లో బియ్యం ఉన్నాయి. చీకటి పడగానే జనం వరండాల్లోకీ మేడల మీదికీ చేరారు. ఏళ్ళుగా పక్క పక్క తలుపుల వెనుక ఉన్నవారు ఒకరి ఊరి పేరు ఒకరు మొదటిసారి తెలుసుకున్నారు. కరెంటు తిరిగి వచ్చిన తరువాత ఆ తలుపులలో చాలా వరకు మళ్ళీ మూసుకున్నాయన్నది కూడా నిజం. కొన్ని మూసుకోలేదు.

కష్టం రాకుండానే తలుపులు తెరుచుకొనే రాత్రి ఒకటి ఏటేటా వస్తుంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షలాది మంది గిరిప్రదక్షిణకు బయలుదేరుతారు. అడవివరం, హనుమంతవాక, వెంకోజీపాలెం, మాధవధార మీదుగా నగరాన్ని చుట్టివచ్చే ఆ దారి 32 కిలోమీటర్లు. దారి పొడవునా ఇళ్ళవారు మజ్జిగ, పులిహోర, అరటిపండ్లు పట్టుకొని నిలబడతారు. అర్ధరాత్రి కాళ్ళు వాచి కూలబడిన అపరిచితునికి వేడినీళ్ళు తెచ్చి ఇచ్చే ఆ గృహిణే మిగిలిన రోజుల్లో తలుపుకున్న కంతలోంచి చూసి గాని గడియ తీయదు. మనిషి మారలేదు, ఆ రాత్రి ఇవ్వడానికి ఆమెకొక కారణం, తీసుకోవడానికి ఎదుటివానికొక కారణం దొరికాయి.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలోని ప్రభుత్వ వాటాను పూర్తిగా ఉపసంహరించాలన్న నిర్ణయానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. తరువాతి నెలలో కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహారదీక్షల శిబిరం వెలిసింది. అది వెయ్యి రోజులు దాటి సాగింది. కర్మాగారం ఆర్థిక స్థితిగతులూ, 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల సహాయమూ వేరే చర్చకు సంబంధించినవి. ఇక్కడ చెప్పుకోవలసినది ఆ పందిరి కింద కూర్చున్నవారి గురించి. ఉద్యోగంలో ఉన్నవారి పక్కన విరమణ చేసినవారు కూర్చున్నారు. వారి పక్కన ఆర్ కార్డు పట్టుకొన్న నిర్వాసితులు కూర్చున్నారు. ఒకప్పుడు ఎవరి రాక కోసం ఎవరు ఊరు వదిలిపోయారో, వారిద్దరూ ఒకే చాప మీద వంతుల ప్రకారం కూర్చున్నారు.

ఉక్కు కర్మాగారం భూములను ఆనుకొని సముద్రపు ఒడ్డున అప్పికొండ సోమేశ్వరాలయం ఉన్నది. మహాశివరాత్రికి గాజువాక పరిసరాల నుంచి జనం తరలి వస్తారు. ఉక్కునగరం నుంచి, నిర్వాసితుల కాలనీల నుంచి కూడా. వారి వెనుక కర్మాగారపు పొగగొట్టాలు కనిపిస్తాయి. తెల్లవారుజామున సముద్రస్నానం చేసి తడిబట్టలతో గట్టెక్కే గుంపులో ఒక ముసలివాడు ఎవరినో చూసి ఆగి, ముఖం పోల్చుకొని, “ఏ ఊరు బాబూ మీది?” అని అడిగితే, కాలనీలో పుట్టిన మనుమడు చెప్పే ప్లాటు నంబరుతో అతనికి పని లేదు. అతడు అడిగేది పటంలో ఇప్పుడు లేని ఊరి పేరు. ఆ పేరు చెప్పగానే అతడు వెంటనే వరస కలుపుతాడు.